ఐరన్ మెయిడెన్‌ని చూసొచ్చిన మనవాళ్ళు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం, కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ ఇక్కడ గిటార్లూ డ్రమ్సూ ఏమీ మోగవు. ధైర్యంగా కూర్చోవచ్చు. (నవ్వులు)

నన్ను హెవీ మెటల్, అంటే చెవులు హోరెత్తించే గిటార్ల రాక్ సంగీతం, దాని చరిత్ర మీద మాట్లాడమని పిలిచారు. చరిత్రకేముంది, ఫోన్‌లో కొడితే వచ్చేస్తుంది. నేను ఇంకో పని పెట్టుకున్నాను. ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండ్ మెటల్ బృందం కచేరీకి వెళ్ళొచ్చిన మన ఊరివాళ్ళు ఎక్కడ కలిసినా, పెళ్ళి భోజనాల దగ్గర కలిసినా, బ్యాంకు క్యూలో కలిసినా, వాళ్ళని ఒకటే అడుగుతాను. ఆ రోజుది మీకు బాగా గుర్తుండిపోయింది ఏంటి అని. ఫలానా పాటలో ఫలానా గిటార్ ముక్క ఇరగదీశాడు అని చెప్పినవాళ్ళు తక్కువ. ఎక్కువమంది తాము ఏం చేశారో చెప్పారు. ఏ రైలెక్కారు, ఎవరి భుజం మీద చెయ్యేశారు, ఏ పాట దగ్గర గొంతు పోయింది. వేదిక మీదున్న ఆరుగురి కంటే కింద నిలబడ్డ తమ గురించే ఎక్కువ చెప్పారు.

గొప్పలు అనుకునేరు, కాదు. ఈ సంగీతం సగం వేదిక మీద, సగం మైదానంలో తయారవుతుంది. వేదిక మీది సగానికి ఆల్బమ్‌లున్నాయి, వీడియోలున్నాయి. మైదానంలో జరిగిన సగానికి సాక్షులు వీళ్ళే. ఆ సాక్ష్యం కొంత మీకు వినిపిద్దామని వచ్చాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఐరన్ మెయిడెన్ 1975 క్రిస్మస్ రోజున తూర్పు లండన్‌లో మొదలైంది. పెట్టింది బేస్ గిటార్, అంటే బాగా కింది శ్రుతిలో మోగే గిటార్, వాయించే స్టీవ్ హారిస్, ఇప్పటికీ పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. పాడేది బ్రూస్ డికిన్సన్. 1981లో చేరాడు, 1993లో వెళ్ళిపోయాడు, 1999లో తిరిగొచ్చాడు. ఆయనతోపాటే ఏడ్రియన్ స్మిత్ కూడా వెనక్కి రావడంతో అప్పట్నుంచి బృందంలో ముగ్గురు గిటారిస్టులు. ఇంకొకడున్నాడు, ఎడ్డీ. మనిషి కాదు, బొమ్మ. ఎముకలు తేలిన మొహం, మిడిగుడ్లు. డెరెక్ రిగ్స్ అనే చిత్రకారుడు గీశాడు. ఆల్బమ్ అట్టలన్నిటి మీదా వాడే ఉంటాడు, కచేరీలో నిలువెత్తు మనిషి కంటే పెద్దగా వేదిక మీదకి నడిచొస్తాడు. మా అమ్మ ఆ టీషర్టుని మిగతా బట్టలతో కలిపి నానబెట్టనిచ్చేది కాదు. "ఆ దెయ్యం చొక్కా నువ్వే ఉతుక్కో" అనేది.

ఇది విశాఖపట్నం దాకా ఎలా వచ్చింది? మనకి స్టీల్ ప్లాంట్ ఉంది కాబట్టి హెవీ మెటల్ సహజంగా అబ్బిందని కొంతమంది కవిత్వం చెబుతుంటారు. నేనైతే నమ్మను. ఓడల వల్ల వచ్చింది, ఇంజనీరింగ్ హాస్టళ్ళ వల్ల వచ్చింది. షిప్పుల మీద పనిచేసే మామయ్యో బాబాయో ఉన్న ప్రతి ఇంట్లో సింగపూర్ నుంచో ఇంకెక్కడి నుంచో తెచ్చిన క్యాసెట్లు నాలుగైదు ఉండేవి. వాటి నుంచి 90 నిమిషాల టీడీకే కంపెనీ ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించుకోవడం, దాని నుంచి ఇంకొకడు ఎక్కించుకోవడం. నా చేతికి వచ్చేసరికి డ్రమ్స్ వెనక వాన కురుస్తున్నట్టు ఒకటే చప్పుడు. అది పాటలో భాగమే అనుకున్నవాళ్ళు మా బ్యాచ్‌లో ఉన్నారు! అట్ట మీద పాటల పేర్లు బాల్‌పెన్నుతో రాసి ఉండేవి, స్పెల్లింగులు ఎవడికి తోచినట్టు వాడు. రాక్ స్ట్రీట్ జర్నల్ అని ఒక పత్రిక 1993 నుంచి వచ్చేది. ఒక కాపీ హాస్టల్‌కి వస్తే నెలంతా చేతులు మారి చివరికి అట్ట లేకుండా మిగిలేది.

అంటే ఏమిటి? పదేళ్ళు, పదిహేనేళ్ళు విన్నాం. పాటలన్నీ నోటికొచ్చు. వాయించే మనుషుల్ని మాత్రం చూసింది లేదు. వాళ్ళు మన దేశం వస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. అలాంటి సమయంలో 2007 మార్చి 17న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ అని కబురొచ్చింది. ఆ స్థాయి హెవీ మెటల్ బృందం ప్రధాన ఆకర్షణగా మన దేశానికి రావడం అదే మొదలని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మార్చి నెల. పరీక్షల కాలం. ఎవరెవరు ఇంట్లో ఏం చెప్పి బయల్దేరారో ఆ వివరాలు ఇక్కడ వద్దు, కొందరి అమ్మానాన్నలు ఈ హాల్లోనే ఉన్నారు. (నవ్వులు)

మన ఊరి నుంచి బెంగళూరుకి నేరుగా వెళ్ళే బండి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. భువనేశ్వర్ నుంచి వస్తుంది, పుట్టపర్తి మీదుగా వెళ్తుంది, ఆ పేరు కూడా ప్రశాంతి నిలయం వల్లే వచ్చింది. మా బోగీ ఎలా ఉందో చూడండి. ఈ పక్క తెల్ల పంచెలు, తెల్ల చీరలు, బాబా దర్శనానికి వెళ్తున్న భక్తులు. ఆ పక్క నల్ల టీషర్టులు, ఎడ్డీ బొమ్మలు, మెడలో గొలుసులు, మేము. మొదట్లో వాళ్ళు మావైపు చూసి సామాన్లు కాస్త దగ్గరికి జరుపుకున్నారు. సామర్లకోట దాటేసరికి ఒక పెద్దావిడ పులిహోర పొట్లం విప్పింది. "మీరూ ఏదో భజనకే వెళ్తున్నారా నాయనా?" అని అడిగింది. మా వాడొకడు తడుముకోకుండా "అవునండి, మాదీ భజనే. మా గురువుగారు మొదటిసారి ఇండియా వస్తున్నారు" అన్నాడు. ఆవిడ చాలా సంతోషించి ఇంకో గరిటె వడ్డించింది. రాత్రి వాళ్ళు భజన పాటలు అందుకున్నారు, చప్పట్లు మేమూ వేశాం. తాళం తప్పకుండా వేశాం, ఆ విషయంలో మా వాళ్ళకి పేరు పెట్టడానికి లేదు. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఆ మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ పులిహోరే. కచేరీ తర్వాత స్థానంలో ఉంది.

నవ్వుతున్నారు కానీ, ఆలోచించండి. కచేరీ జరిగే ఊళ్ళో ఉన్నవాడు సాయంత్రం ఆటో ఎక్కి వెళ్ళి రాత్రికి ఇల్లు చేరుకుంటాడు. వాడికి కచేరీ రెండు గంటలది. దాదాపు వెయ్యి కిలోమీటర్లు వెళ్ళి రావలసినవాడికి టికెట్ తీసిన రోజే మొదలవుతుంది. వెయిటింగ్ లిస్ట్ కన్‌ఫర్మ్ అవుతుందా లేదా అనే టెన్షన్ కూడా అందులో భాగమే.

ప్యాలెస్ గ్రౌండ్స్ గేటు దగ్గర మాకు మొదటి దెబ్బ తగిలింది. బెల్టులు తీసేయమన్నారు. ఇనుప బకిల్ ఉన్న బెల్టు లోపలికి వెళ్ళడానికి లేదు. హెవీ మెటల్ కచేరీకి ఇనుము నిషిద్ధం! గేటు పక్కన బెల్టుల గుట్ట, గొలుసుల గుట్ట, నీళ్ళ సీసాల గుట్ట. ఆ రాత్రి వేల మంది గెంతింది ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే. మా వాడొకడు టికెట్‌ని పొడవుగా మడిచి రెండు లూపుల మధ్య బిగించి కట్టుకున్నాడు. అదే టికెట్‌ని తర్వాత ఫ్రేమ్ కట్టించుకున్నాడు, ఇప్పటికీ ఆ మడతలు కనిపిస్తాయి.

మేము క్యూలో ఉండగానే ఢిల్లీ బృందం పరిక్రమ వాయించడం మొదలుపెట్టింది. వాళ్ళకి వయొలిన్ ఉంటుంది. గోడ అవతల నుంచి ఆ వయొలిన్ వినిపిస్తుంటే క్యూలో ఉన్నవాళ్ళు ఒక్కసారి ముందుకు తోశారు. పరిక్రమకి ఆ రోజు బాగా కలిసొచ్చింది. ఆ జూన్‌లోనే ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో వాయించి వచ్చారు. స్టీవ్ హారిస్ కూతురు లారెన్ హారిస్ కూడా ఆ సాయంత్రం పాడింది. పాపం, ఆ అమ్మాయి పాటల గురించి మా వాళ్ళెవరికీ ఒక్క ముక్క గుర్తు లేదు. అసలువాళ్ళ కోసం ఎదురుచూసే జనం ముందు పాడటం కష్టమైన ఉద్యోగం.

తర్వాత వాళ్ళు వచ్చారు. వచ్చారు అని ఒక్క మాటలో చెప్పేశాను కానీ, నా పక్కనున్నవాడు మొదటి పాటంతా ఏడుస్తూనే ఉన్నాడు. నెల్లూరు నుంచి వచ్చాడట. పేరు కూడా అడగలేదు, భుజం మీద చెయ్యేసి నిలబడ్డాను.

ఇక్కడ కొంచెం ఫిజిక్స్ చెప్పాలి, నా జీతం దానికే వస్తుంది. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ మీద మీటితే సెకనుకి సుమారు 41 కంపనాలు. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లు పోతుంది. భాగిస్తే ఆ అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. అంత పొడవైన అలని మనం ఒక్క చెవులతోనే వినం. మైదానంలో అంత గట్టిగా వదిలితే గుండెల్లో, పొట్టలో, పళ్ళ మధ్య తెలుస్తుంది. స్టీవ్ హారిస్ ప్లెక్ట్రమ్, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళ, వాడడు, వేళ్ళతోనే మీటుతాడు. ఒకటి పొడుగు, రెండు పొట్టి, ఒకటి పొడుగు, రెండు పొట్టి. మెయిడెన్ పాటలు చాలావాటికి ఆ నడకే ప్రాణం. అరిగిపోయిన టీడీకే క్యాసెట్లో అది ఉందని మాకు తెలియనే తెలియదు. పదేళ్ళు విన్న పాటలో ఒక పెద్ద భాగం ఆ రాత్రి మొదటిసారి విన్నాం. "ఒరేయ్, ఈ పాటలో బేస్ ఉందిరా!" అని మా వాడు నా చెవిలో అరిచిన అరుపు ఇంకా గుర్తుంది.

ఇంకో లెక్క. వేదికకి వంద మీటర్ల వెనక నిలబడ్డవాడికి శబ్దం చేరడానికి సుమారు 0.3 సెకన్లు పడుతుంది. నిమిషానికి 160 దెబ్బలు పడే పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేది 0.375 సెకన్లు. అంటే వెనకవాడు ఇంచుమించు ఒక దెబ్బ ఆలస్యంగా వింటాడు. వాడు వేసిన చప్పట్లు మళ్ళీ ముందుకి రావడానికి అంతే సమయం. అందుకే పెద్ద మైదానాల్లో మధ్యలో కూడా స్పీకర్ల స్తంభాలు పెట్టి, వాటికి శబ్దాన్ని కావాలనే కొంచెం ఆపి పంపిస్తారు. జనం గొంతులకి మాత్రం ఆ ఏర్పాటు ఉండదు కదా. ముందున్నవాడు పాడిన ముక్క వెనకవాడి దగ్గర ఆలస్యంగా మొదలవుతుంది. మధ్యలో నిలబడ్డవాడికి పాట ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి దొర్లుతున్నట్టు వినిపిస్తుంది. మా బ్యాచ్‌లో ముందు నిలబడ్డవాళ్ళు జనం భలే కలిసి పాడారంటారు. వెనక నిలబడ్డవాళ్ళు ఎవడి గోల వాడిదే అంటారు. ఏళ్ళ తరబడి ఈ గొడవ నడుస్తోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, నిలబడ్డ చోటు తేడా అంతే.

ఏ పాట దగ్గర అంటారా? 'ఫియర్ ఆఫ్ ది డార్క్'. 1992 నాటి పాట. ఆ పాటలో గిటార్ వాయించే వరసకి మాటలు ఉండవు. జనమే ఓ... ఓ... అంటూ ఆ వరసని పాడేస్తారు. ఏ దేశంలోనైనా అంతే. 2001 జనవరిలో రియోలో రెండున్నర లక్షల మంది ముందు వాయించినప్పుడు చేసిన రికార్డింగ్ 2002లో ఆల్బమ్‌గా వచ్చింది. అందులో వినండి, గిటార్ ఎక్కడ ఆగింది, జనం ఎక్కడ అందుకున్నారు అనేది తెలియదు. ఆ ఆల్బమ్ విని విని మేము కూడా ప్రాక్టీస్ చేసే వెళ్ళాం. బెంగళూరులో ఆ వరస వచ్చినప్పుడు మాకు ఎవరూ సైగ చేయనక్కర్లేకపోయింది.

దీని గురించి అందరికంటే బాగా చెప్పింది ఒక పెద్దాయన. పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, సొంతూరు విజయనగరం దగ్గర. వాళ్ళ అమ్మాయి గాజువాకలో ఉంటుంది, మెయిడెన్ అంటే ప్రాణం. 2009 ఫిబ్రవరి 15న వాళ్ళు మళ్ళీ ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వస్తున్నారంటే ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. "సరే, నేనే తోడొస్తాను పద" అని ఈయన బయల్దేరారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చెవుల్లో దూది. ఆ నల్ల చొక్కాల సముద్రంలో ఆయన ఒక్కరే తెల్లగా కనిపిస్తున్నారని కుర్రాళ్ళంతా "అంకుల్, అంకుల్" అంటూ చుట్టూ రింగులా నిలబడి తోపులాట తగలకుండా చూశారట. మెటల్ కచేరీల్లో అది మామూలే. కింద పడినవాణ్ణి నలుగురు లేపుతారు. బయటివాళ్ళకి అది కనపడదు, తలకాయలూపడమే కనిపిస్తుంది.

ఆయన చిన్నప్పుడు రాత్రంతా కూర్చుని పద్యనాటకాలు చూసిన మనిషి. కాటిసీను పద్యానికి రాగం తీస్తుంటే జనం "వన్స్ మోర్" అని అరవడం, హార్మోనిస్టు మళ్ళీ శ్రుతి అందుకోవడం, చచ్చిపోయి పడున్న పాత్రధారి కూడా ఆ పద్యం అయ్యేదాకా అలాగే పడుకోవడం, అదంతా ఆయనకి తెలుసు. ఈ ఓ... ఓ... వరస మొదలయ్యేసరికి చెవిలో దూది తీసి, కాసేపు చుట్టూ చూసి, కూతురితో అన్నారట: "ఇదేటమ్మా, ఇక్కడ వన్స్ మోర్ అనే పనే లేదు. ఈళ్ళే పాడేసుకుంతన్నారు."

నేను హెవీ మెటల్ మీద చదివిన వ్యాసాల్లో దీనికి సాటి వచ్చే వాక్యం లేదు. పద్యనాటకంలో వన్స్ మోర్ అంటున్నామంటే అది మన గొంతుతో అయ్యే పని కాదని ఒప్పుకున్నట్టే. ఆయన పాడాలి, మనం వినాలి. ఇక్కడ మైదానంలో ఉన్నవాడికి ఆ మొహమాటం లేదు. గిటార్ ముక్కని నోటితో పాడేస్తాడు. శ్రుతి ఉందా లేదా అని ఎవరూ చూడరు. కొంతమంది సంగీత విద్వాంసులకి ఇది మింగుడుపడదు, నాకు తెలుసు. ఈ హాల్లో కూడా ఒకరిద్దరి మొహాల్లో కనిపిస్తోంది. (నవ్వులు) వాళ్ళతో వాదించను. ఆ పెద్దాయన మాత్రం ఇంటికొచ్చాక మూడు రోజులు అదే వరస కూనిరాగం తీశారట.

మధ్యలో 2008 ఉంది. ఫిబ్రవరి 1, శుక్రవారం, ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్. అంతకుముందు ఏడాది బెంగళూరు చూసి వెళ్ళినవాళ్ళు ఆ ప్రపంచ యాత్రకి మొదటి కచేరీ మన దేశంలోనే పెట్టారు. ఎలా వచ్చారనుకున్నారు? సొంత బండి మీద. బోయింగ్ 757 విమానం అద్దెకి తీసుకుని, వెనక సీట్లు పీకించి, అక్కడ 12 టన్నుల సామాను సర్ది, మనుషులూ సామానూ ఒకేదాంట్లో వచ్చారు. విమానం నడిపింది ఎవరు? పాడే బ్రూస్ డికిన్సనే! ఆయనకి విమానాల కంపెనీలో కెప్టెన్ ఉద్యోగం ఉండేది. ఆ విడతలో 45 రోజుల్లో 23 కచేరీలు చేశారు, దాని మీద 'ఫ్లైట్ 666' అని డాక్యుమెంటరీ కూడా వచ్చింది. అందులో కొలంబియాలోని బొగోటా కచేరీ అయ్యాక ఒక కుర్రాడు కనిపిస్తాడు. చేతిలో డ్రమ్ముల పుల్ల. వేదిక మీద నుంచి విసిరింది వాడికి దొరికింది. దాన్ని పట్టుకుని నోట మాట లేకుండా ఏడుస్తుంటాడు. బ్యాండ్ ఎలా వాయించిందో చెప్పే గంటన్నర వీడియో కంటే ఆ కుర్రాడి మొహం నాకు ఎక్కువ చెప్పింది.

ముంబైకి మన ఉక్కునగరం నుంచి ఒక ఫిట్టర్ వెళ్ళారు, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో, షిఫ్టులు మార్చుకుని. ఆయనకి బాగా గుర్తున్నది కచేరీ మొదలవ్వకముందు ముక్క. దీపాలార్పారు. స్పీకర్లలో చర్చిల్ గొంతు. 1940 జూన్‌లో పార్లమెంటులో చేసిన యుద్ధ ప్రసంగం. అది అయిపోగానే 'ఏసెస్ హై' పాట మొదలు. ఆ యాత్రలో వరస అది. ముంబైలో చర్చిల్ గొంతు వినగానే అన్ని వేలమంది భారతీయులు ఆనందంతో కేకలు పెట్టారు! మా తాతగారి తరం వాళ్ళెవరైనా అక్కడ ఉంటే ఏమనేవారో అని నేనంటే ఆ ఫిట్టర్ గారు, "గురూ, మేం కేకలేసింది ముసలాయన కోసం కాదు. తర్వాత వచ్చే గిటార్ కోసం" అన్నారు. ఒప్పుకోవలసిందే.

ఆయనే నాకు టోనీ అయోమీ కథ మళ్ళీ గుర్తు చేశారు. ఈ సంగీతానికి మూలపురుషుల్లో ఒకడు, బ్లాక్ సబ్బాత్ అనే బృందంలో గిటారిస్టు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ళ వయసు, ఉద్యోగంలో అదే చివరి రోజు. మెషిన్ కింద పడి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, కాబట్టి తీగల్ని నొక్కే చెయ్యి అదే. ఇంకెవరైనా అయితే గిటార్ అటకెక్కించేవారు. ఇతను ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అతికించుకున్నాడు. నొప్పి పుట్టకుండా సన్నని తీగలు వేసుకున్నాడు, కొన్నాళ్ళకి శ్రుతి కూడా బాగా కిందికి దించాడు. ఇవాళ మెటల్ అంటే మనకి చెవిలో మోగే ఆ బరువైన, కిందిస్థాయి గిటార్ మోతకి ఆ దించిన శ్రుతి ఒక ముఖ్యమైన కారణం. ఈ కథ నేను పుస్తకాల్లో చదివాను. ఫిట్టర్ గారు చెబుతున్నప్పుడు మాత్రం తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి, ఏ వేలు ఎక్కడిదాకా పోయిందో ఎడమచేత్తో చూపించారు. షాప్‌ఫ్లోర్ మీద అలాంటివి చూసిన మనిషి చూపించే తీరు వేరు. స్టీల్ ప్లాంటు వల్ల మెటల్ వచ్చిందంటే నమ్మనని ఇందాక అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. వచ్చాక దాన్ని ఎవరు ఎలా వింటారన్న దాంట్లో మాత్రం చేసే పనికి కొంత వాటా ఉంది.

కచేరీ జరగకపోయినా జ్ఞాపకం మిగులుతుందని చెప్పడానికి ఒక చిన్న సంగతి. మెయిడెన్ కాదు, మెటాలికా అనే ఇంకో మెటల్ బృందం. 2011 అక్టోబర్ 28న గుర్గావ్‌లో మొదటిసారి వాయించాలి. నోయిడాలో ఉద్యోగం చేస్తున్న మన మద్దిలపాలెం కుర్రాడు మధ్యాహ్నం నుంచే అక్కడ నిలబడ్డాడు. వేదిక ముందు బారికేడ్ల భద్రత బాగోలేదని కచేరీ ఆపేశారు. జనం ఊరుకుంటారా, వేదికెక్కి సామాన్లు విరగ్గొట్టారు. ఇతను అక్కడి నుంచి బయటపడి, ఉన్న డబ్బులన్నీ పెట్టి విమానం టికెట్ కొని, 30న బెంగళూరులో జరిగినదానికి వెళ్ళాడు. అది జరిగింది, బ్రహ్మాండంగా జరిగింది. ఇప్పుడు అడిగితే మాత్రం గంటసేపు గుర్గావ్ గురించే చెబుతాడు. బెంగళూరు గురించి "బాగుందండి" అని ఊరుకుంటాడు.

ఫోన్ల గురించి కూడా అడుగుతుంటారు. 2007లో మా వాడి దగ్గర ఒక నోకియా ఉండేది. దాంతో తీసిన ఫోటో ఒకటుంది. నల్లటి నలుపు, మధ్యలో తెల్లటి మచ్చ. ఆ మచ్చ బ్రూస్ డికిన్సన్ అని వాడంటాడు, హాలోజెన్ లైటు అని నేనంటాను. 2025 యాత్రకి ముందు మెయిడెన్ మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ అభిమానుల్ని బతిమాలుకున్నాడు, ఫోన్లు జేబులో పెట్టుకుని కచేరీ కళ్ళతో చూడండి అని. నేను దాన్ని పెద్ద నీతిలా చెప్పను, ఫోన్ ఉంటే మేమూ తీసేవాళ్ళమే. మా పాట మేం పాడాలంటే మాత్రం రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అప్పటికే ఒక చెయ్యి ప్యాంటు పట్టుకోవడానికి పోయింది. (నవ్వులు, చప్పట్లు)

నికో మెక్‌బ్రెయిన్ సంగతి చెప్పి ముగిస్తాను. 1982 నుంచి డ్రమ్స్ ఆయనే. చెప్పులూ బూట్లూ లేకుండా ఒట్టి కాళ్ళతో వాయిస్తాడు. 2023 జనవరిలో పక్షవాతం వచ్చింది. కోలుకుని మళ్ళీ యాత్రకి వెళ్ళాడు, 2024 డిసెంబర్ 7న బ్రెజిల్‌లోని సావో పాలోలో ఆఖరి కచేరీ వాయించి దిగిపోయాడు. ఇప్పుడు యాత్రల్లో సైమన్ డాసన్ వాయిస్తున్నాడు. మా వాళ్ళలో ఎవర్నడిగినా నికో మొహం చూశామని చెప్పరు. ఆయన చుట్టూ డ్రమ్ములు గోడ కట్టినట్టు ఉంటాయి, పైన పుల్లలు లేవడం మాత్రమే కనిపిస్తుంది. మూడుసార్లు వచ్చాడు మన దేశం, మూడుసార్లూ ఆ పుల్లలే చూశాం. గాజువాక అమ్మాయి ఒక్కతే, ఆఖర్లో ఆయన లేచి ముందుకొచ్చి నిలబడ్డప్పుడు ఒట్టి కాళ్ళు చూశానంటుంది. వాళ్ళ నాన్నగారిని అడిగితే, తను చూళ్ళేదు గానీ అమ్మాయి అబద్ధం చెప్పదన్నారు.

వాళ్ళిద్దరూ ఇవాళ వచ్చారు. మూడో వరసలో, కిటికీ పక్కన. పెద్దాయన చెయ్యెత్తుతున్నారు, నేను చెప్పినదాంట్లో ఏదో సరిచెయ్యాలనుకుంటా. బాబూ, ఆ మైకు కాస్త వారికి అందించండి.